కోహిమా గుట్ట నమూనాకు ప్రకృతి సిద్ధమైన చెట్లు: బూజు, పురుగు పట్టకుండా చేయడం ఎలా?

ప్రశ్న

1944 ఏప్రిల్‌లో జపాన్ సైన్యం బ్రిటిష్ ఇండియా దళాలను ముట్టడించినప్పుడు కోహిమా (నేటి నాగాలాండ్) వద్ద జరిగిన పోరును 1:72 స్కేలు (అసలులో 72వ వంతు) సైనికుల బొమ్మలతో ఆడుకోవడానికి అక్కడి గుట్ట గ్యారిసన్ హిల్‌ను, డిప్యూటీ కమిషనర్ బంగ్లాను, దాని టెన్నిస్ కోర్టును ఒక పలక మీద తయారు చేస్తున్నాను. చెట్లూ పొదలూ కొనకుండా ఇంట్లో, పెరట్లో దొరికేవాటితోనే చేయాలని నా పట్టుదల. గోరింట కొమ్మలను ఆకులతో సహా ఎండబెట్టి నాటితే నెల తిరగకముందే ఆకులు ముడుచుకుని రాలిపోయాయి. నేల మీద ఆకుల చెత్తలా కనిపించాలని చల్లిన వాడేసిన టీ పొడికి బూజు పట్టి, చీమలు కూడా చేరాయి. ఎక్కడ పొరపాటు చేశానో, వెదురు పొదలనూ అరటి చెట్లనూ దేనితో చేయవచ్చో దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1

టీ పొడిని ఎంచుకోవడం సరైనదే. మన ఇళ్ళలో దాన్ని పాలు, పంచదారతో కలిపి మరిగిస్తాం కాబట్టి బూజుకూ చీమలకూ కావలసిన ఆహారం అందులోనే ఉండిపోతుంది. నీళ్ళు తేటగా వచ్చేవరకు నాలుగైదు సార్లు కడిగి, ఎర్రటి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, నేల మీద చల్లిన తరువాత, సమానంగా నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి పైన చిలకరించండి. ఆ చుక్క వేయకపోతే జిగురు లోపలికి ఇంకకుండా పూసల్లా పైనే నిలుస్తుంది.

ఇక ఆకుల విషయం. 1:72 స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే అసలు కొలతలో 7.2 సెంటీమీటర్లు. గోరింటాకు ఎంత చిన్నదైనా ఆ లెక్కన సైనికుడి పక్కన మరీ పెద్దదిగానే కనిపిస్తుంది కనుక, అది రాలిపోకపోయినా అక్కడ నప్పేది కాదు. కొమ్మను మాత్రమే ఉంచుకుని, దానికి విడదీసిన కొబ్బరి పీచును అంటించి, జల్లించిన సన్నని రంపపు పొట్టును రెండు మూడు ఆకుపచ్చ ఛాయల అక్రిలిక్ రంగులో కలిపి ఆరబెట్టి అద్దండి. పచ్చి ఆకు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. ఈ రంగు చాలా కాలం నిలుస్తుంది.

సమాధానం 2

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ పెద్ద చెట్లకు కొమ్మల కంటే వేళ్ళే మేలని నా అనుభవం. పీకేసిన కంది మొక్క వేరును కడిగి తలకిందులుగా నిలిపితే, మొదలు నుంచి చివరి వరకు క్రమంగా సన్నబడే తీరు అచ్చం ముదురు చెట్టులాగే ఉంటుంది. పురుగు భయం ఉంటే వాడేముందు వేళ్ళనూ పుల్లలనూ బాగా ఎండబెట్టి, గాలి చొరని సంచిలో కట్టి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి.

వెదురుకు కొండచీపురు సన్నని రెమ్మలు సరిపోతాయి. పన్నెండు మీటర్ల వెదురు ఈ స్కేలులో సుమారు 17 సెంటీమీటర్లు ఉంటుంది. పదిహేను రెమ్మలను మొదట్లో బిగించి, పైన విచ్చుకునేలా వదిలి, కణుపులను గోధుమ రంగు గీతలతో చూపండి. అరటి ఆకుకు ఎండిన మొక్కజొన్న పొత్తి పొరను తడిపి, దాని గీతలు ఆకు పొడవునా కాకుండా అడ్డంగా వచ్చేలా 28 మిల్లీమీటర్ల ముక్కలుగా కోయండి. అరటి ఆకు ఈనెలు నడిమి కాడ నుంచి పక్కలకు సాగుతాయి గదా, ఆ ఒక్క జాగ్రత్తతోనే చూసేవారు అరటిని గుర్తుపడతారు.

మరొక మాట: మీరు ముట్టడి చివరి రోజులను చూపదలిస్తే ఆకుల కోసం అంత శ్రమ అక్కర్లేదు. ఫిరంగుల దెబ్బకు ఆ గుట్ట మీది చెట్లు చాలావరకు ఆకులు లేని మోడులయ్యాయి. విమానాల నుంచి జారవిడిచిన సరుకుల పారాచూట్లు వాటికి చిక్కుకుని వేలాడేవి. టెన్నిస్ కోర్టు పక్కన జపాన్ సైనికులు పొంచి కాల్చడానికి వాడుకున్న చెర్రీ చెట్టును మాత్రం మరవకండి. ఆ చెట్టు పోరులో నాశనమైనా, దాని మోడు నుంచి చిగురించినదే ఇప్పుడు అక్కడి యుద్ధ స్మశానవాటికలో ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముట్టడి మొదటి రోజులకు ఆకులున్న చెట్లను, చివరి రోజులకు మోడులను విడివిడిగా చేసి, పలకకు రంధ్రాలు పెట్టి, ఆట సాగే కొద్దీ మార్చుకునేలా అమర్చుతాను. చెర్రీ చెట్టుకు గోరింట కొమ్మనే ఉంచి, కంది వేళ్ళ కోసం ఈ ఆదివారం పొలానికి వెళ్తున్నాను.