డీలర్ లైసెన్స్ వదిలేస్తున్నాం, షూరిటీ బాండ్ ఎలా రద్దు చేయించుకోవాలి? (టెక్సాస్)

ప్లేనో పాతకార్లు:
అందరికీ నమస్కారం. నేనూ మా బామ్మర్దీ కలిసి మూడేళ్ల కిందట డాలస్ దగ్గర చిన్న యూజ్డ్ కార్ల లాట్ పెట్టాం. వేలంలో కొనడం, సొట్టలు తీయించడం, అమ్మడం. ఇప్పుడు తను నార్త్ కరోలినా వెళ్లిపోతున్నాడు. నాకేమో ఉద్యోగం చేసుకుంటూ వారానికి నాలుగు రోజులు, రోజుకి నాలుగు గంటలు ఆఫీసు తెరిచి కూర్చోవడం కుదరట్లేదు. మూసేద్దామనుకుంటున్నాం. జీడీఎన్ లైసెన్స్ (టెక్సాస్ కార్ల డీలర్ లైసెన్స్) గడువు ఇంకా 11 నెలలుంది. లైసెన్స్ కోసం పూచీకత్తుగా ఇచ్చిన 50 వేల డాలర్ల షూరిటీ బాండ్ ఉంది, రెండేళ్ల ప్రీమియం ముందే కట్టేశాం. బాండ్ ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "ఒక ఈమెయిల్ పెట్టండి, క్యాన్సిల్ చేసేస్తాం" అన్నాడు. నిజంగా అంత సులువా? మిగిలిన నెలల డబ్బు వెనక్కొస్తుందా?

లెక్కల మాస్టారు:
ఆ ఈమెయిల్ ఇప్పుడే పెట్టకండి! లైసెన్స్ ఉన్నన్నాళ్లూ బాండ్ ఉండి తీరాలి. ముందు మీరు మూసేస్తున్నట్టు టెక్సాస్ డీఎంవీకి (లైసెన్స్ ఇచ్చే వాహనాల శాఖ) రాతపూర్వకంగా చెప్పి, లైసెన్స్ మూసినట్టు వాళ్ల దగ్గర్నుంచి కాగితం తెచ్చుకోండి. ఆ తర్వాతే బాండ్ సంగతి. తారుమారు చేస్తే మీ అంతట మీరు మూసుకున్నట్టు కాకుండా, బాండ్ లేక లైసెన్స్ పోయినట్టు అవుతుంది. రేపు మీ బామ్మర్ది అక్కడ ఇదే వ్యాపారం పెడదామనుకుంటే "గతంలో ఎక్కడైనా లైసెన్స్ రద్దయిందా?" అనే ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోతుంది.

ఏజెంట్‌ని తప్పు పట్టను. ఆయన పని బాండ్ వరకే.

గోదారి గట్టు:
హ్యూస్టన్ వైపు నేను మూసేసి రెండేళ్లు దాటింది. మాస్టారు చెప్పిన వరుస కరెక్టే. కానీ అసలు టెన్షన్ టైటిళ్ల (కారు ఎవరిదో చెప్పే కాగితాల) దగ్గర.

నేను మూసే ముందు నెల ఒక కుర్రాడికి హోండా అమ్మాను, మొత్తం క్యాష్. టైటిల్ కాగితాలు కౌంటీ ఆఫీసులో ఇచ్చేశాను. పాత ఓనర్ బ్యాంకు అప్పు తీరినట్టు లీన్ రిలీజ్ అందులో లేదు. టైటిల్ మీద బ్యాంకు పేరు అచ్చయి ఉంది, దాని పక్కన సంతకం చేయాల్సిన గడి ఖాళీ. నేను చూడలేదు. కౌంటీ వాళ్లు కాగితాలు తిప్పి పంపారు, పాత లాట్ అడ్రస్‌కి. అప్పటికి అక్కడ టైర్ల షాపు వచ్చేసింది. ఆ షాపాయన కవరు కిటికీ దగ్గర పెట్టి మర్చిపోయాడు.

మూడు నెలలకి షూరిటీ కంపెనీ నుంచి ఉత్తరం: "మీ బాండ్ మీద ఫిర్యాదు వచ్చింది, జవాబివ్వండి." బాండ్ రద్దయిపోయింది కదా అని ధీమాగా ఫోన్ చేశాను. అవతలామె నిదానంగా చెప్పింది: "రద్దు తేదీ తర్వాత చేసిన అమ్మకాలకే రద్దు సార్. ఇది అంతకుముందుది." పరుగెత్తి టైర్ల షాపుకెళ్తే కవరు ఎండకి పసుపెక్కి అక్కడే ఉంది. బ్యాంకు దగ్గర రెండు లైన్ల లీన్ రిలీజ్ తీసుకోవడానికి మూడు వారాలు పట్టింది. టైటిల్ కుర్రాడి పేరు మీదికి మారాక ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

కాబట్టి మొదటి పని: పోస్టాఫీసులో అడ్రస్ మార్పు పెట్టండి.

ప్లేనో పాతకార్లు:
అమ్మో. రద్దయిన బాండ్ మీద కూడా క్లెయిమ్ వేయొచ్చా? అది ఇన్సూరెన్స్ లాంటిదే కదా, వాళ్లే కట్టుకుంటారుగా?

చీటీల సుబ్బమ్మ మనవడు:
అన్నా, మీరు ఇన్సూరెన్స్ అంటున్నారే, అక్కడే అందరం బోల్తా పడతాం. చీటీ పాట గుర్తు తెచ్చుకోండి. చీటీ పాడుకుని డబ్బు తీసుకోవాలంటే షూరిటీ సంతకాలు అడుగుతారు. మీరు వాయిదాలు ఎగ్గొడితే షూరిటీ కట్టాలి, కట్టాక మీ ఇంటికొచ్చి వసూలు చేసుకుంటాడు. ఇదీ అంతే. బాండ్ మీ కోసం కాదు, కారు కొన్నవాడి కోసం, మీకు కారు అమ్మినవాడి కోసం. టెక్సాస్‌లో ఆ పూచీ రెండిటికి: మీరు కార్లు కొని ఇచ్చిన చెక్కులు చెల్లడానికి, అమ్మిన ప్రతి కారుకీ మంచి టైటిల్ ఇవ్వడానికి. నష్టపోయినవాడు కోర్టులో మీ మీద తీర్పు తెచ్చుకుంటే షూరిటీ కంపెనీ కడుతుంది. కట్టింది మొత్తం మీ దగ్గర రాబట్టుకుంటుంది. బాండ్ తీసుకున్నప్పుడు అలా తిరిగి కడతామని ఇండెమ్నిటీ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టుంటారు చూడండి. అందులో కంపెనీ పేరొక్కటే ఉండదు, మీ సొంత పేర్లూ ఉంటాయి, ఒక్కోసారి భార్యల సంతకాలు కూడా.

ప్లేనో పాతకార్లు:
ఇప్పుడే తీసి చూశా. మా ఇద్దరివీ, మా చెల్లెలిదీ కూడా ఉన్నాయి. తనకైతే ఆ సంతకం దేనికో ఇప్పటికీ తెలీదు.

ఫ్రీమాంట్ మామ:
మాది కాలిఫోర్నియా కాబట్టి అన్నీ మీకు వర్తించవు. ఇక్కడ మామూలు డీలర్‌కి 50 వేల బాండ్, ఏడాదికి 25 కార్ల లోపు అమ్మే హోల్‌సేల్ వాళ్లకి 10 వేలు. షూరిటీ కంపెనీ తనంతట తాను తప్పుకోవాలన్నా 30 రోజుల నోటీసివ్వాలి. ఆ లోపు కొత్త బాండ్ వేయకపోతే లైసెన్స్ దానంతటదే రద్దు. నేను కంపెనీ మారుతూ రెండు బాండ్ల తేదీల మధ్య ఖాళీ రాకుండా చూసుకోవడానికి క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నా. మీరు మూసేస్తున్నారు కాబట్టి ఆ బాధ లేదు.

లారీ బ్రోకర్:
నాది కార్ల లాట్ కాదు, ఫ్రైట్ బ్రోకర్ (సరుకు లోడ్లకి లారీలు కుదిర్చే) లైసెన్స్. అది ఫెడరల్. బాండ్ 75 వేలు, 2013 అక్టోబర్ నుంచి అంతే. దాన్ని రద్దు చేయాలంటే షూరిటీ కంపెనీ బీఎంసీ-36 అనే ఫారం దాఖలు చేయాలి, 30 రోజులకి అమలవుతుంది. ఆ 30 రోజులూ కొత్త లోడ్లు పట్టకుండా, పాత లారీ వాళ్ల బిల్లులన్నీ తీర్చేశా. అయినా ఒక డ్రైవర్‌కి 400 డాలర్ల డిటెన్షన్ (లోడ్ దగ్గర ఆపి ఉంచినందుకు ఇచ్చే డబ్బు) బాకీ మిగిలిందని ఫోనొచ్చింది. వాదించకుండా కట్టేశా. వాదిస్తే బాండ్ మీదికెళ్తాడు.

గుంటూరు మిర్చి:
ప్రీమియం వాపసు అంటున్నారు గానీ నాకు పైసా రాలేదు. "ఫుల్లీ ఎర్న్‌డ్" (కట్టింది మొత్తం కంపెనీదే, వాపసు లేదు) అని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట.

లెక్కల మాస్టారు:
మొదటి ఏడాది ప్రీమియం చాలా కంపెనీలు వెనక్కివ్వవు. రెండో దఫాలో రద్దు చేస్తే మిగిలిన రోజుల లెక్కన కొంత ఇచ్చేవాళ్లున్నారు. కాగితం చదవందే ఏదీ నమ్మొద్దు. మూడొందల డాలర్లు మిగుల్చుకుందామని తొందరపడి బాండ్ ముందు తీసేస్తే మాత్రం తెలివితక్కువ పని.

ఇంకోటి మర్చిపోయా. వెహికల్ ఇన్వెంటరీ టాక్స్ (అమ్మకానికి పెట్టిన కార్ల మీద పన్ను) స్టేట్‌మెంట్. అమ్మకాలు సున్నా అయినా ప్రతి నెలా 10వ తేదీ లోపు కౌంటీకి ఇవ్వాలి. మూసేశాం కదా అని ఆపేస్తే నెలకి 500 డాలర్ల పెనాల్టీ. కౌంటీ టాక్స్ ఆఫీసుకీ, అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కీ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే ఆఫీసు) వేరువేరుగా చెప్పండి. 2025 జూలై 1 నుంచి పేపర్ ట్యాగులు (తాత్కాలిక కాగితం నంబర్ ప్లేట్లు) పోయి మెటల్ ప్లేట్లు వచ్చాయి కదా, వాడనివీ, డీలర్ ప్లేట్లూ లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఒక్క ప్లేటు తగ్గినా జవాబు చెప్పుకోవాల్సింది మీరే. అమ్మకాల ఫైళ్లు నాలుగేళ్లు పారేయొద్దు.

ప్లేనో పాతకార్లు:
మూడు నెలల తర్వాత వచ్చి చెబుతున్నా, ఎవరికైనా పనికొస్తుందని.

మిగిలిన రెండు కార్లూ వేలంలో వదిలించుకున్నాం. రెండు రాత్రులు కూర్చుని అమ్మిన ప్రతి కారు ఫైలూ తీసి టైటిల్ మారిందో లేదో చూశాం. 61 కార్లలో ఒకటి తేలింది: కొన్నావిడ పెళ్లయ్యాక ఇంటిపేరు మారి, సంతకం ఒకలా, డ్రైవింగ్ లైసెన్స్ మీద పేరు ఇంకోలా ఉన్నాయి. ఆవిడ్ని బతిమాలి మళ్లీ సంతకం పెట్టించాం. ప్లేట్లు అప్పజెప్పి రసీదు తీసుకున్నాం. లైసెన్స్ మూసిన కాగితం వచ్చాక దాన్ని జతచేసి ఏజెంట్‌కి ఈమెయిల్ పెట్టా. రద్దు తేదీ వేసి షూరిటీ కంపెనీ ఉత్తరం పంపింది. దాన్నీ ఇండెమ్నిటీ అగ్రిమెంట్‌నీ ఒకే కవర్లో పెట్టాం.

రెండేళ్లకి 960 కట్టాం, ఎనిమిది నెలలు మిగిలాయి కాబట్టి 320 రావాలి. "షార్ట్ రేట్" అని, అంటే గడువుకి ముందే రద్దు చేసినందుకు, పది శాతం కోసి 288 పంపారు. బామ్మర్ది సగం 144 అడుగుతున్నాడు. బోర్డు దింపడానికి తెచ్చిన ట్రక్కు అద్దె 90 నేనే కట్టా, ఆ సంగతి మాత్రం ఎత్తట్లేదు.