మగ్గం వర్క్ నుంచి కలంకారీకి: గుడ్డ మీద సిరా గీత పాకుతోంది, కారణం చెప్పగలరా?

తిరుపతిలో ఉంటాను. మగ్గం వర్క్ పక్కనబెట్టి శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీ పట్టుకున్నాను. డిజైన్ గీతకు పాత చేతివాటం సరిపోతోంది, చిక్కంతా గుడ్డతోనే.

గాడా గుడ్డను (ముతక నూలు బట్ట) గంజి పోయేదాకా ఉడకబెట్టి ఉతికాను. లీటరు పచ్చి ఎనుముపాలలో 100 గ్రాముల కరక్కాయ పొడి కలిపి, వడగట్టి, గుడ్డ ముంచి పిండి ఎండలో ఆరేశాను. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లతో మూడు వారాలు పులిసిన కసిమి (నల్ల సిరా) వాడుతున్నాను. కలం మామూలుదే, వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారం కట్టింది.

గీత చాలా చోట్ల సన్నగా నిలుస్తోంది. పిండినప్పుడు మెలి పడ్డచోట మాత్రం పాకుతోంది. సిరాను ఆపేది పాలలోని కొవ్వే కాబట్టి అక్కడ పాలు పలచబడ్డాయని నా అనుమానం. (టోన్డ్ పాలప్యాకెట్టుతో అయితే గుడ్డంతా పాకింది, దాని మాట వదిలేయండి.) మెలితిప్పకుండా అరచేతులతో నొక్కి తీస్తే సరిపోతుందా, రెండోసారి పాలలో ముంచాలా?

ఇంకొకటి. గీసినప్పుడు నల్లగానే ఉన్న గీత ఉతికాక గోధుమరంగుకు దిగుతోంది. కరక్కాయ చాలలేదా, కసిమిలో ఇనుము చాలలేదా? ఇనుము పెంచితే నల్లగీత వెంబడే గుడ్డ చివికిపోతుందని భయం. పటిక పెట్టి ఎరుపు వేసేలోపు ఇది తేలాలి. రెండింటిలో ఏది తక్కువైందో చిన్న గుడ్డముక్క మీద తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా?