కమిట్‌ని తెలుగులో 'పద్దు' అనవచ్చా?

అందరికీ నమస్కారం. "కమిట్ కొట్టావా?" అనే మాట మా ఆఫీసులో పొద్దస్తమానం వినిపిస్తుంది. నిఘంటువు తీస్తే కమిట్‌కి నిబద్ధత, కట్టుబాటు, అప్పగింత అని ఉంటాయి. బయట "కమిట్ అయ్యాను" అంటే మాటిచ్చానని. ప్రోగ్రామర్ చేసే పని వేరు: కోడ్‌లో చేసిన మార్పుల్ని ఒక వివరంతో చరిత్రలో నమోదు చేయడం. ఇవేవీ దానికి అతకవు. పద్దు అతుకుతుందని నాకనిపిస్తోంది.

మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. రాత్రి కొట్టు కట్టేశాక చిట్టా రాసి, అందులోంచి ఆవర్జాలో ఎవరి ఖాతాకి వాళ్లది ఎక్కించేవారు. తేదీ, మొత్తం, పక్కన ఎందుకన్న వివరం. తప్పు రాశానని తెలిస్తే చెరిపేవారు కాదు. "ఫలానా తేదీ పద్దుకు సవరణ" అని కొత్త పద్దు వేసేవారు. కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రివర్ట్ చేసేదీ ఇదే. పాత కమిట్ ఎక్కడిదక్కడే ఉంటుంది, దాన్ని తిరగ్గొట్టే కొత్త కమిట్ వచ్చి చేరుతుంది. ఆ లెక్కన గిట్ లాగ్, అంటే వరసగా కమిట్లన్నీ చూపే జాబితా, చిట్టాయే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కమిట్ అంటే హాజరు వేయడమే. సాయంత్రం వెళ్లేముందు అన్ని మార్పులూ కలిపి ఒకటే, కింద "ఫిక్స్" అని ఒక్క మాట. ఒకసారి బిల్లింగ్ ప్రోగ్రాంలో చెల్లింపు తేదీ నుంచి ఒకరోజు తీసేసే లైను కనిపించింది. చూడగానే పొరపాటనిపించింది. చరిత్ర తీసి చూస్తే అక్కడా "ఫిక్స్" అనే ఉంది. రాసినాయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. లైను తీసేశాను. గడువు చివరి రోజున డబ్బు కట్టిన వాళ్లందరికీ ఆలస్య రుసుము పడింది. ఆ రుసుములు వెనక్కి వేయడానికి మూడు రోజులు పట్టింది. అప్పటినుంచి వివరం లేని కమిట్ చేయలేదు.

జవాబు: అన్నా, పద్దు మంచి మాట. మా దగ్గర ఉద్దెర తెస్తే "పద్దు రాస్కో" అంటరు. పేపర్లు బడ్జెట్‌ని కూడా పద్దు అనే రాస్తయి. కానీ ఒక అనుమానం. పద్దు అంటే ఆ ఒక్క లావాదేవీనే. గిట్ కమిట్ అట్ల కాదు గదా, ఆ క్షణాన ప్రాజెక్టు మొత్తం ఎట్లుందో దాచిపెడ్తది. సబ్‌వర్షన్ అనే ఇట్లాంటి పాత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోళ్లు ఈడనే తికమక పడ్తరు.

జవాబు: తమ్ముడూ, అసలు చోటే పట్టుకున్నావు. చిట్టాలో రోజు చివర 'నిల్వ' రాస్తాం గుర్తుందా? గిట్ దాచేది ఆ నిల్వని, దానికి ముందటి కమిట్ ఏదో చెప్పే గుర్తుతో సహా. తేడా చూపించమంటే రెండు నిల్వలు పోల్చి అప్పటికప్పుడు చూపిస్తుంది. కాబట్టి కమిట్ అంటే నిల్వతో కూడిన పద్దు. రోజువారీ మాటల్లో పద్దు అంటే చాలు.

జవాబు: బాగుందండీ. మరి రీబేస్, అమెండ్ చేసి పాత కమిట్లని తిరగరాసేవాళ్ల సంగతేమిటి? చిట్టాలో పేజీ చింపినట్టే కదా?

జవాబు: దానికీ మనకు మాటలున్నాయండీ: చిత్తు, సాపు. నా కంప్యూటర్ దాటనంతవరకు అది చిత్తు. ఎన్నిసార్లైనా కొట్టేసి రాస్తాను, రాయాలి కూడా; పక్కవాళ్లకి నా తడబాట్లన్నీ చూపించక్కర్లేదు. నలుగురూ వాడే చోటికి పుష్ చేశాక అది సాపు. అక్కడ తిరగరాస్తే ఆ కమిట్ గుర్తింపు సంఖ్య మారుతుంది, దాని మీద కట్టిన ప్రతిదాని సంఖ్యా మారుతుంది; పాత ప్రతి మీద పనిచేస్తున్న వాళ్లు ఇరుక్కుంటారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టింది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నెల్ కోసం, అంటే ఒకరి మొహం ఒకరు చూడని వేలమంది కలిసి చేసే పని కోసం. అలాంటి చోట నమ్మకానికి ఆధారం చిట్టాయే. పేజీ చింపడం నాకు సమ్మతం కాదు.

జవాబు: అన్నా, వివరం ఎంత రాయాలె? నాకు ఎప్పుడూ ఈడనే చెయ్యి ఆగుతది.

జవాబు: ఏం మార్చావో కోడే చెబుతుంది తమ్ముడూ, ఎందుకు మార్చావో రాయి. ఆ తీసేసిన లైను మళ్లీ పెట్టినప్పుడు నేను రాసింది ఇది: "బ్యాంకు ఫైలు అర్ధరాత్రి దాటాక వస్తుంది, అందులో మర్నాటి తేదీ పడుతుంది. అందుకే ఒకరోజు తగ్గిస్తున్నాం. బ్యాంకు ఫైలు వేళ మారితే తప్ప ఈ లైను తీయవద్దు."