గ్యాప్ సంగతి కవర్ లెటర్‌లో చెప్పేయాలా, ఇంటర్వ్యూ దాకా ఆగాలా?

తెనాలి కామర్స్:
2022లో బీకాం అయింది. అదే ఏడాది నాన్నకి పక్షవాతం వచ్చింది. రెండున్నరేళ్లు మా ఎరువుల కొట్టు నేనే చూశాను. ఇప్పుడు ఆయన కోలుకుని కొట్లో కూర్చుంటున్నారు. హైదరాబాద్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకి అప్లై చేస్తున్నా. రెజ్యూమెతో పాటు కవర్ లెటర్ అడిగారు. గ్యాప్ గురించి అందులో రాయాలా? రాస్తే అక్కడే పక్కన పెట్టేస్తారని ఫ్రెండ్స్ అంటున్నారు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

కూకట్‌పల్లి:
రాయొద్దు చెల్లీ. నాకూ ఏడాదిన్నర గ్యాప్ ఉంది. రాసి పంపిన చోట నుంచి ఒక్క ఫోనూ రాలేదు. రాయకుండా పంపితే పిలిచారు. ఎదురుగా కూర్చున్నాక అడిగారు, చెప్పాను, సరేనన్నారు. మనిషి ముఖం చూస్తూ వినడం వేరు, కాగితం మీద చదవడం వేరు. మన లోటు మనమే ముందుగా ఎత్తి చూపడం దేనికి?

రిక్రూటర్ అక్క:
పన్నెండేళ్లుగా నా పని ఇదే, కాబట్టి గట్టిగానే చెప్తాను. నువ్వు రాయకపోయినా రెజ్యూమెలో 2022 తర్వాత ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది. నేను ముందు చూసేది తేదీలే. అక్కడ ఏమీ చెప్పకపోతే చదివేవాళ్లు తమకు తోచింది ఊహించుకుంటారు.

అయితే ఎంత రాయాలన్నదే అసలు సంగతి. ఒకసారి నాకొక లెటర్ వచ్చింది. పేజీ నిండా వాళ్లమ్మ ఆపరేషన్, ఆస్పత్రి, అప్పులు. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ వచ్చని చివరి వరుసలో ఉంది. ఆ అబ్బాయి పని ఎలా చేస్తాడో ఒక్క ముక్క తెలియలేదు. మా మేనేజర్‌కి ఏమని చెప్పి పంపను? ఆ లెటర్ ఇప్పటికీ గుర్తొస్తుంది. కష్టం ఒక్క వాక్యంలో చెప్పి, మిగతాదంతా పని గురించి రాయమ్మా.

లెక్కల మాస్టారు:
1912 ఫిబ్రవరి 9న శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. చాలా చిన్న ఉత్తరం. మెట్రిక్ ప్యాసయ్యాననీ, ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) వరకు చదివాననీ, అనుకోని పరిస్థితుల వల్ల చదువు ముందుకు సాగలేదనీ రాశారు. ఆ పరిస్థితులేమిటో వివరించలేదు. ఆ వెంటనే, కాలమంతా గణితానికే వెచ్చిస్తున్నాననీ, ఉద్యోగమిస్తే న్యాయం చేయగలననీ రాశారు. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంతో చేరారు.

కూకట్‌పల్లి:
మాస్టారూ, ఆ దరఖాస్తు వెనక ప్రెసిడెన్సీ కాలేజీ గణితం ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ గారి సిఫారసు ఉంది. అంతకుముందు నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు గారు నెలనెలా డబ్బిచ్చి ఆదుకున్నారు. ఉద్యోగం ఇప్పించింది ఆ పెద్దలా, ఆ ఉత్తరమా? రెఫరల్ లేకే కదా మేమిన్ని తిప్పలు పడుతున్నాం.

లెక్కల మాస్టారు:
నిజమే బాబూ, సిఫారసు లేకపోతే కష్టమయ్యేదేమో. కానీ అది చేతిలో ఉన్నా చదువు ఆగిందన్న మాట ఆయన దాచలేదు. అమ్మాయ్, కొట్టు లెక్కలు చూసే ఆడిటర్ గారిని రెండు ముక్కలు రాసిమ్మని అడుగు. నీకు అదే సిఫారసు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:
జర్మనీలో దరఖాస్తుతో లెటర్ పెట్టడం పాత ఆనవాయితీ. అలాంటి చోటే రైల్వే సంస్థ డాయిచ్ బాన్ 2018లో అప్రెంటిస్‌లకి లెటర్ అక్కర్లేదంది. అందుకే అడగనిచోట నేను పంపను. నిన్ను అడిగారు కాబట్టి రాయి.

తెనాలి కామర్స్:
ఇంగ్లీషులో రాసింది తెలుగులో పెడుతున్నా, చూడండి: “2022లో బీకాం పూర్తయ్యాక నాన్నగారి అనారోగ్యం వల్ల రెండున్నరేళ్లు మా కుటుంబ వ్యాపారం చూసుకున్నాను. ఆయన కోలుకున్నారు. మీ సంస్థలో ఎదిగే అవకాశం కోరుతున్నాను.”

రిక్రూటర్ అక్క:
“ఆయన కోలుకున్నారు” అన్నది ముట్టుకోకు. మళ్లీ మధ్యలో మానేస్తుందేమో అన్న అనుమానం అక్కడే తీరుతుంది. “కుటుంబ వ్యాపారం” తీసేసి ఎరువుల కొట్టు అని రాయి. చివరి వాక్యం అందరూ రాసేదే, తీసెయ్. కొట్లో రోజూ ఏం చేసేదానివి?

తెనాలి కామర్స్:
పొద్దున్నే గోడౌన్లో యూరియా బస్తాలు లెక్కపెట్టి, ఎరువుల అమ్మకాలు నమోదుచేసే ఈ-పాస్ మిషన్‌లో చూపించే స్టాకుతో సరిచూసేదాన్ని. టాలీలో బిల్లులు ఎక్కించేదాన్ని. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, 3బీకి 20వ తేదీ దాటకుండా ఆడిటర్ గారికి లెక్కలు పంపేదాన్ని. రైతుల అరువు ఖాతాలు, ధాన్యం డబ్బులు పడ్డాక వసూళ్లు కూడా నావే. ఒక ఖాతాలో 4,200 పాత బాకీ రెండుసార్లు ఎక్కింది. ఆ రైతు వచ్చి చెప్తే మూడు రాత్రులు పాత చీటీలన్నీ తిరగేసి సరిచేశాను.

రిక్రూటర్ అక్క:
ఇదమ్మా లెటర్! ఇంతసేపూ దాచింది ఇదే. మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గరా పని అదే కదా: స్టాకు, అరువు, వసూళ్లు. ఆ 4,200 సంగతి తప్పకుండా పెట్టు. పేజీ మాత్రం దాటనివ్వకు.

కూకట్‌పల్లి:
నా లెటర్లు ఇప్పుడే తీసి చూశాను. గ్యాప్ గురించి తప్ప ఇలాంటిది ఒక్కటీ లేదు. ముఖాముఖి చెప్పడమే మేలని ఇప్పటికీ అనుకుంటున్నా. కానీ చెల్లీ, నువ్వు ఆ ఖాతా సంగతి మాత్రం తియ్యకు.

తెనాలి కామర్స్:
నాన్నకి చదివి వినిపించాను. ఆ ఖాతా ఏ పుస్తకంలో ఉందో ఆయనకింకా గుర్తుంది. ఆడిటర్ గారు రేపు సాయంత్రం రాసిస్తానన్నారు. అది చేతికి రాగానే రెండూ కలిపి పంపేస్తా.