మా స్కూలు ఆయమ్మకు మర్యాద ఎట్లా చేయాలి? శాలువా వద్దంటోంది

అడిగినవారు: తెలుగు టీచరు, తిరుపతి
జూన్ 2022

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పదహారేళ్ళుగా తెలుగు చెప్తున్నాను. జులై 5న బడి తెరుస్తాం. ఆ రోజు చిన్న సభ పెట్టి, ఈ కష్టకాలంలో బడిని నిలబెట్టినవాళ్ళకు దండం పెట్టుకోవాలని స్టాఫంతా అనుకున్నాం. అందరికంటే ముందు పిలవాల్సిన మనిషి మా ఆయమ్మ. ఆమేమో స్టేజీ ఎక్కనంటోంది.

2020 మార్చిలో కరోనాకు బడి మూసినప్పటి నుంచి మాకు సగం జీతాలే. కొన్ని నెలలు అదీ లేదు. మా లెక్కల సారు ఎయిర్ బైపాస్ రోడ్డులో సాయంత్రాలు ఇడ్లీ బండి పెట్టుకున్నారు. 2021 ఆగస్టు 16న బడి తెరిచిన పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పదో తరగతిలోకి నడిచిపోతుంటే వరండాలో నిలబడి చూస్తూ ఉండిపోయినాను. ఫీజు అడగడానికి మాకే నోరు రాని రోజులవి. అట్లాంటప్పుడు పాల వ్యాపారం చేసే ఒక తండ్రి వచ్చి, ఇద్దరు పిల్లల పాత బాకీ చిల్లర నోట్లతో కట్టిపోయినాడు.

ఇక గట్టెక్కినాం అనుకునేసరికి నవంబరు 18 వాన. కార్తీక పౌర్ణమి నాళ్ళు. కపిలతీర్థం జలపాతం విరుచుకుపడింది, స్వర్ణముఖి పొంగింది, లక్ష్మీపురం సర్కిల్లో రోడ్డేదో కాలవేదో తెలియలేదు. మా వీధిలో నడుముల్లోతు నీళ్ళు.

ఆయమ్మ బడి వెనకే ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. కూతురిని శ్రీకాళహస్తిలో ఇచ్చింది. ఆ రాత్రి కరెంటు లేదు. సెల్‌ఫోను లైటు నోట కరుచుకుని ఆఫీసు రూము తెరిచి, బీరువాలోని అడ్మిషన్ రిజిస్టర్లు పై అంతస్తుకు మోసింది. ఆమెకు చదువు రాదు. "హెచ్చెం సారు రోజూ తాళం వేసి పెట్టేవి కదా, అవే పెద్దవనుకున్నా" అంది తర్వాత. ఆ సమయానికి ఆమె గదిలో బియ్యం మూట, పరుపు, కూతురి పెళ్ళి ఆల్బం నీళ్ళల్లో తేలుతున్నాయి.

బయటివాళ్ళకు అవి ఉత్త పుస్తకాలు. బడికి అవే ప్రాణం. పుట్టిన తేదీ, తండ్రి పేరు, పుట్టుమచ్చలు అన్నీ అందులోనే. టీసీ ఇవ్వాలన్నా, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపాలన్నా అవే ఆధారం. రెండేళ్ళు పరీక్షల్లేక, మళ్ళీ ఈ ఏప్రిల్ 27న మొదలైతే మా పిల్లల వివరాలు ఒక్క తప్పు లేకుండా పోయినాయి. రాష్ట్రంలో 67.26 శాతమే పాసైన ఏడాది, మా దాంట్లో ముగ్గురు తప్ప అందరూ గట్టెక్కినారు.

అన్నిటికంటే పాతది, 1994 నుంచి రాసిన మొదటి రిజిస్టరు మాత్రం తడిసి ముద్దయింది. కింది అరలో ఉండేది కదా, నీళ్ళు ముందు దాన్నే అందుకుని ఉంటాయనుకున్నాం. ఎండలో పెడితే కాగితం వంకర పోతుందని నీడలోనే నిలబెట్టి, పేజీకి పేజీకి మధ్య తెల్ల కాగితం పెట్టి మారుస్తూ, ఫ్యాను కింద పది రోజులు ఆరబెట్టినాం. న్యూస్‌పేపరు పెట్టలేదు, దాని సిరా అంటుకుంటుంది. బాల్ పెన్నుతో రాసిన వరసలు నిలిచినాయి. ఇంకు పెన్నువి నీలం మరకలైపోయినాయి. చెరిగిపోయిన వివరాలు కొత్త రిజిస్టర్లో తిరగరాయడానికి పాత విద్యార్థులకు కబురు పెడితే ఎక్కడెక్కడి నుంచో సర్టిఫికెట్ల జెరాక్సులు వచ్చినాయి. ముగ్గురు పిల్లల తండ్రి ఒకాయన టెన్త్ సర్టిఫికెట్ ఫొటో పంపి, "ఎడమ మోచేతి మీద మచ్చ ఇంకా అట్లే ఉంది టీచర్" అని రాసినాడు. ఆ రాత్రి మెసేజి చూసి ఏడ్చినాను.

ఇప్పుడు చెప్పండి. శాలువా, మెమెంటో అంటే ఆయమ్మ "నాకేం సన్మానం మేడమ్మా, సిగ్గు" అంటోంది. ఏమీ చేయకుండా ఉండలేం. ఎట్లా చేస్తే బాగుంటుంది?

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, కొర్లగుంట

మేడం, స్టేజీ ఎక్కనన్న మనిషిని ఎక్కించొద్దు. మా ఇంట్లోకీ ఆ రోజు నీళ్ళు వచ్చినాయి. పోయిన సామాను కంటే కాగితాల కోసం తిరగడమే ఎక్కువ ఏడిపించింది. ఆయమ్మ రేషన్ కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకం ఉన్నాయో లేవో అడిగినారా? లేకపోతే ఎవరైనా ఒకరు వార్డు సచివాలయానికి తోడు పోండి. ఒక్కతే పోతే రేపు రా అంటారేమోనని ఆమెకే భయంగా ఉంటుంది. ఆ ఆల్బం సంగతి కూడా చూడండి. పెళ్ళి తీసిన స్టూడియో అతని దగ్గర ఫొటోలు ఉండొచ్చు, శ్రీకాళహస్తి కూతుర్ని కనుక్కోండి.

జవాబు: రిటైర్డు హెడ్మాస్టరు, చిత్తూరు

అమ్మా, చదివి మనసు నిండిపోయింది. నేను ముప్పై ఏళ్ళు రిజిస్టర్లతో బతికినవాణ్ణి. ఆ పాత పుస్తకాన్ని పారేయొద్దు. కొత్తదాని మొదటి పేజీలో ఎందుకు తిరగరాయాల్సి వచ్చిందో రాసి, హెడ్మాస్టరు సంతకం పెట్టి, రెండూ కలిపి భద్రం చేయండి.

ఆయమ్మ విషయం. మీ బడిలో లాగ్ బుక్కు, అంటే బడిలో జరిగిన ముఖ్యమైనవి రాసిపెట్టే పుస్తకం, ఉంటే ఆ రాత్రి జరిగింది తేదీతో సహా అందులో రాయండి. తనిఖీకి వచ్చే అధికారులు, రేపు మీ కుర్చీలో కూర్చునేవాళ్ళు అందరూ చదువుతారు. రాసింది ఆమెకు చదివి వినిపించండి. ఇంకో మాట, కరస్పాండెంటు గారితో చెప్పండి. ఆమె జీతం పెంచమనండి. మిగతావన్నీ దాని తర్వాతే.

జవాబు: పాత విద్యార్థి, బెంగుళూరు

టీచర్, ఏ బడో పోల్చుకున్నాను. వాన వస్తే నా చెప్పులు సంచిలో పెట్టి చేతికిచ్చి, గేటు దాటించింది ఆయమ్మే. మా బ్యాచ్ తరఫున మంచం, పరుపు, బియ్యం మేం చూసుకుంటాం. ఆఫీసులో బీరువా పెట్టే దిమ్మె ఎత్తు పెంచే ఖర్చు కూడా మాదే.

తెలుగు టీచరు, తిరుపతి (మళ్ళీ)

అందరికీ చేతులెత్తి నమస్కారం. కరస్పాండెంట్ సారు జులై నుంచి జీతం పెంచుతామన్నారు. ఆధారు ఉంది, రేషన్ కార్డు కోసం సోమవారం నేనే తోడు పోతున్నాను. ఆల్బం పోయినా స్టూడియో అతని కంప్యూటర్లో నలభై ఫొటోలు దొరికినాయి.

లాగ్ బుక్కు నేనే రాసినాను. నిన్న సాయంత్రం మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించినాను. చీపురు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. "ఏడు రిజిస్టర్లలో ఆరింటిని తడవకుండా పైకి చేర్చినది" అన్న దగ్గర ఆపమంది.

"ఏడూ ఎత్తినాను మేడమ్మా. మెట్ల కాడ ఒకటి చేతిలోంచి జారి నీళ్ళల్లో పడింది. తడిమి తడిమి పట్టుకున్నా. అన్ని రోజులు మీరు దాన్ని ఆరబెడతా ఉంటే చెప్పేదానికి నోరు రాలేదు. అది కూడా రాయి" అంది.

రాసినాను.