పెద్దలు మనల్ని కాస్తారా, మనమే వారిని చూసుకోవాలా?

కాకినాడ కోడలు:
సంక్రాంతి నాడు మా ఇంట్లో పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం. ఈసారి మామగారి పటం ముందు కొత్త పంచె, గారెలు, బొబ్బట్లు, ఆయన చివరిదాకా మానలేకపోయిన చుట్ట కూడా పెట్టి, అత్తగారు "పిల్లలను చల్లగా చూడండి" అని దండం పెట్టుకున్నారు. మహాలయ అమావాస్య నాడేమో, నువ్వులూ నీళ్లూ వదలకపోతే పెద్దలు ఆకలితో ఉంటారని పురోహితుడు అన్నారు. ఆకలితో ఉన్న మనిషి నన్నేం కాపాడతాడు? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను. మిగతా మతాల ఇళ్లలో ఎలా ఉంటుంది?

గుంటూరు నుంచి:
మేము కథోలికులం. నవంబరు 2న సమాధుల పండుగ. ముందే కలుపు పీకి, సున్నం వేసి, ఆ సాయంత్రం బంతిపూలు, కొవ్వొత్తులు పెడతాం. ఫాదర్ గారు వచ్చి సమాధులను దీవిస్తారు. ఉత్తరించు స్థలంలో, అంటే మోక్షానికి ముందు శుద్ధి పొందే చోట, ఉన్న ఆత్మలు త్వరగా మోక్షం చేరాలని ప్రార్థిస్తాం. మన కోసం వేడుకోమని అడిగేది పునీతులను. బోధన ఇది. మా అమ్మ మాత్రం అమ్మమ్మ సమాధి మీద చేయి వేసి, నా ఉద్యోగం సంగతంతా చెప్పుకొని వస్తుంది.

సైతామా వాసి:
జపానులో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ ఆగస్టులో ఒబోన్. 13న వాకిట్లో చిన్న మంట వేసి పెద్దలను పిలుస్తారు, 16న మళ్లీ మంట వేసి సాగనంపుతారు. దోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, తొందరగా రావడానికి. వంకాయతో ఆవు, నెమ్మదిగా వెళ్లడానికి. మా పక్కింటి ముసలావిడ వంకాయ ఎంపికకే అరగంట తీసుకుంటుంది!

ఇక్కడ మనిషి పోయిన 33 లేదా 50 ఏళ్లకు ఆ ఒక్కరికి విడిగా చేసే కర్మలు ముగుస్తాయి. ఆ మనిషి పూర్వీకులలో కలిసిపోయి ఇంటిని కాస్తారని నమ్మకం. మన తర్పణంలోనూ తండ్రిని వసువుగా, తాతను రుద్రుడిగా, ముత్తాతను ఆదిత్యుడిగా, అంటే దేవతా రూపాలుగా తలుస్తాం. ఆ పైవారికి విడిగా పిండం లేదు. కొత్తగా పోయినవారు మన మీద ఆధారపడతారు, పాతబడేకొద్దీ మనం వారి మీద. ఇది నా లెక్క, శాస్త్రం కాదు.

కాకినాడ కోడలు:
మామగారు పోయి రెండేళ్లే. మీ లెక్కన ఇంకా మా పోషణలోనే ఉన్నారన్నమాట. అత్తగారికి చదివి వినిపించాను. "బతికున్నప్పుడు మాత్రం? మంచినీళ్లు నేనే అందించాలి, రాత్రి తలుపు గడియ ఆయనే చూడాలి" అన్నారు.

అన్నట్టు, ఆ వంకాయను తరువాత కూర వండుకుంటారా?