మధురవాడలో ఫ్లాటా, అనకాపల్లిలో సొంతిల్లా?

లంచ్‌బాక్స్: నా ఉద్యోగం విశాఖలో రుషికొండ ఐటీ హిల్ మీద, ఆవిడది గాజువాకలో. పాప మూడో తరగతి, బాబుకి రెండేళ్ళు. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో అద్దెకుంటున్నాం. మావయ్యగారు అనకాపల్లిలో స్థలం ఇస్తామంటున్నారు. అక్కడ కట్టుకోవాలా, మధురవాడలో ఫ్లాట్ కొనుక్కోవాలా? బడి, నీళ్ళు, ప్రయాణం, మూడింటి గురించీ చెప్పండి.

దువ్వాడ ప్యాసింజర్: అనకాపల్లి నుంచి ఆరేళ్ళు తిరిగాను గురూ, వద్దు. 500 నంబరు బస్సు లంకెలపాలెం దాకా బాగానే లాక్కొస్తాది. కూర్మన్నపాలెం నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాకా దేవుడే దిక్కు. రైలెక్కితే గోపాలపట్నం దాటాక ప్లాట్‌ఫారం ఖాళీ లేదని నిలబెట్టేస్తాడు. మా వాడు నన్ను ఆదివారమే చూసేవాడు.

బెల్లం దిమ్మ: నేను కారులో సబ్బవరం మీదుగా మధురవాడ అవతల ఆనందపురం తేల్తాను. ఊళ్ళోకి రానే రాను. ఎందుకు భయపెడతారు?

దువ్వాడ ప్యాసింజర్: పెట్రోలు, టోలు మీ మావయ్యగారు కడతారేటి?

సీవ్యూ బాధితురాలు: మధురవాడ వైపు కొంటే సముద్రం కనబడే ఫ్లాట్ మాత్రం వద్దు. దాని కోసం డబ్బులు ఎక్కువిచ్చి మరీ కొన్నాం. ఉప్పుగాలికి నాలుగేళ్ళకే బాల్కనీ గ్రిల్లు అప్పడంలా విరిగింది. ఏసీ బయటి పెట్టె రెండుసార్లు మార్చాం.

సెక్టార్‌ మూడు: మా ఎంవీపీలో ముప్పై ఏళ్ళనాటి కిటికీ ఊచలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. హుద్‌హుద్ తుఫానుకే వంగలేదు. మీది నాసిరకం ఇనుము.

సీవ్యూ బాధితురాలు: మీ ఇంటికీ బీచ్‌కీ మధ్య ఎన్ని మేడలున్నాయో లెక్కపెట్టి మాట్లాడండి.

వెల్డింగ్ మావ: ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. స్టీలే గదా అని 304 రకం వేయిస్తారు, ఉప్పుగాలికి దానిమీదా గోధుమరంగు మచ్చలొస్తాయి. బీచ్‌వైపు 316 రకం స్టీలు వేయాలి. రేటు చెప్తే మాత్రం “మావా, ఇనుముతో కానిచ్చేయ్” అంటారు. ఆనక నన్నే తిడతారు.

సెక్టార్‌ మూడు: అయితే అందరూ నీ దగ్గరే చేయించుకోవాలన్నమాట. ప్రచారం బాగుంది.

వెల్డింగ్ మావ: నా పేరు చెప్పానా? కొట్టు ఎక్కడో చెప్పానా? నోరు జాగ్రత్త.

వేపగుంట వాడు: ఎవరూ అడగలేదు గానీ నేను చెప్తాను. రేటు తక్కువని మా వైపొచ్చి పడకండి. సింహాచలం దేవస్థానంతో పంచగ్రామాల భూముల గొడవ తేలలేదు. నాన్న కట్టిన ఇల్లు, నేను పుట్టిన ఇల్లు. రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు లోను లేదు. చెల్లి పెళ్ళికి అమ్ముదామంటే కొనేవాడే లేడు.

లంచ్‌బాక్స్: బాబూ, బడి గురించి ఒక్కరైనా చెప్తారా?

బెల్లం దిమ్మ: బడులు ఎక్కడైనా ఉంటాయి. తమాషా చూడండి, మా అనకాపల్లి టౌను 2013లో జీవీఎంసీలో, అంటే విశాఖ కార్పొరేషన్‌లో కలిసింది. 2022లో జిల్లా వేరైంది. పన్ను విశాఖకి, కలెక్టరు అనకాపల్లిలో. మరి మేం వైజాగు వాళ్ళమా కాదా?

దువ్వాడ ప్యాసింజర్: పెళ్ళి సంబంధాలప్పుడు వైజాగు, బెల్లం అమ్మేటప్పుడు అనకాపల్లి.

ఇద్దరు పిల్లల తల్లి: అన్నయ్యా, మీ ఆవిడని అడిగారా? గాజువాక నుంచి మధురవాడ అంటే ఊరు ఈ చివర్నుంచి ఆ చివరకి. నేను అలాగే తిరిగి మూడేళ్ళకి ఉద్యోగం మానేశాను. పిల్లకి జ్వరమొస్తే బడి నుంచి ముందు ఎవరికి ఫోనొస్తుందో వాళ్ళ ఆఫీసుకి దగ్గరగా ఇల్లు తీసుకోండి.

లంచ్‌బాక్స్: ఫోన్ ఆవిడకే వస్తుందక్కా. గాజువాక దగ్గర షీలానగర్‌లో అద్దెలెలా ఉన్నాయో ఎవరికైనా తెలుసా?

సెక్టార్‌ మూడు: మావా, ఆ 316 గ్రిల్లు అడుగు ఎంత పడతాది?